పాత కారులో కూలెంట్ తగ్గిపోతోంది, కింద చుక్క కనిపించదు: లీకు ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా?

మీరు అడిగింది ఇదీ. కారుకి 14 ఏళ్లు, 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. కూలెంట్ డబ్బాలో మట్టం రెండు వారాల్లో మ్యాక్స్ గీత నుంచి మిన్ గీత దాకా పడిపోతోంది. పొద్దున్నే చూస్తే కారు కింద నేల పొడిగానే ఉంటోంది. ఒక మెకానిక్ రేడియేటర్ పై హోస్ (పైభాగాన ఉండే రబ్బరు పైపు) మార్చారు, తేడా రాలేదు. ఇంకొకరు లీకులు మూసే మందు పోస్తే సరిపోతుందన్నారు. మూడో ఆయన, బయట కారడం లేదంటే లోపల కాలిపోతున్నట్టే, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయింది, ఇంజిన్ విప్పాల్సిందే అన్నారు. ఇప్పుడు ఎవరి మాట వినాలన్నది మీ టెన్షన్.

ప్రస్తుతానికి ఎవరి మాటా వినకండి. ఇంజిన్ విప్పించకండి, మందు పోయకండి, ఇంకో పార్టు కొనకండి. ముగ్గురిలో ఒక్కరు కూడా కూలెంట్ బయటికి వచ్చే చోటుని కళ్లతో చూడలేదు. పాత కారు కూలింగ్ సిస్టమ్‌లో అనుమానించదగ్గ చోట్లు ఇరవైకి తక్కువ ఉండవు. ఊహ మీద ఒక్కోటీ మారుస్తూ పోతే డబ్బు పోతుంది, ఓపిక పోతుంది, ఈలోగా ఒక్కసారి ఇంజిన్ బాగా వేడెక్కిందంటే అసలుకే మోసం. చోటు కనిపించాకే పార్టు కొనాలి. నా పని పద్ధతి మొత్తం ఈ ఒక్క ముక్క మీదే నడుస్తుంది.

ముందు ఆ మూడో ఆయన లెక్కలో తప్పెక్కడుందో చెప్తాను, ఎందుకంటే ఈ మాట నమ్మి అవసరం లేకుండా హెడ్ విప్పించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కింద చుక్క లేకపోవడం బయట లీకు లేదనడానికి రుజువు కాదు. చిన్న లీకైతే కూలెంట్ వేడి లోహం మీద పడి అక్కడికక్కడే ఆవిరైపోతుంది. చాలా కార్లకి ఇంజిన్ కింద ప్లాస్టిక్ ట్రే ఉంటుంది, చుక్కలు దాంట్లో పడి ఆరిపోతాయి. కొన్ని లీకులు ఇంజిన్ వేడెక్కి ప్రెషర్ ఎక్కినప్పుడే తెరుచుకుంటాయి, అంటే కారు రోడ్డు మీద ఉన్నప్పుడు కారి, ఆగాక మానేస్తాయి. ఇంకొన్ని సరిగ్గా దీనికి రివర్స్: ఇంజిన్ చల్లబడినప్పుడు రబ్బరు, లోహం వేర్వేరుగా కుంచించుకుని క్లాంప్ (హోస్‌ని బిగించి పట్టే పట్టీ) దగ్గర సన్నటి సందు ఏర్పడుతుంది, తెల్లవారుజామున నాలుగు చుక్కలు ఊరతాయి, ఇంజిన్ వేడెక్కగానే మూసుకుపోతుంది. రెండు వారాల్లో మ్యాక్స్ నుంచి మిన్‌కి పడటం అంటే పోయేది మొత్తం మీద అర లీటరు లోపే ఉండొచ్చు. రోజుకి లెక్కేస్తే కొన్ని చెంచాలు. అది నేల దాకా రాకపోవడంలో వింతేమీ లేదు.

పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత గానీ, ప్రెషర్ ఉండే డబ్బా మూత గానీ తీయొద్దు. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు గాలి ఒత్తిడిలో సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మూత ఒక బార్ ప్రెషర్ పట్టి ఉంచితే ఆ హద్దు 125 దాటి పైకి వెళ్తుంది. అంటే లోపల మరగకుండా ఉన్న ద్రవం మీరు మూత తిప్పి ప్రెషర్ వదిలిన క్షణంలోనే ఆవిరిగా మారి ముఖం మీదకి ఎగజిమ్ముతుంది. పై హోస్‌ని చేత్తో నొక్కి చూడండి. మెత్తగా ఉండి, వేడి చేతికి తగలకపోతేనే మూత ముట్టుకోండి.

మీ కారులో ఉన్నది ఏ రకం సిస్టమో ముందు చూసుకోండి. కొన్ని కార్లలో రేడియేటర్ మీదే ప్రెషర్ మూత ఉంటుంది, పక్కన ఉన్న డబ్బా ఉత్త రిజర్వ్. ఇంజిన్ వేడెక్కి వ్యాకోచించిన కూలెంట్ డబ్బాలోకి పోతుంది, చల్లబడ్డాక తిరిగి రేడియేటర్‌లోకి లాక్కుంటుంది. మరికొన్నిటిలో రేడియేటర్‌కి మూతే ఉండదు, డబ్బా మూతే ప్రెషర్ మూత. మీది మొదటి రకమైతే డబ్బా చూసి సరిపెట్టుకోకండి. మూతలో వెనక్కి లాక్కునే చిన్న వాల్వు పాడైతే డబ్బా నిండుగా ఉంటుంది, రేడియేటర్ మాత్రం లోపల ఖాళీ అవుతుంటుంది. ఇంజిన్ చల్లారాక పై హోస్ లోపలికి పీల్చుకుపోయి చదునుగా కనిపిస్తే ఆ వాల్వో, రిజర్వ్ డబ్బాకి వెళ్లే సన్న పైపో మూసుకుపోయిందని అర్థం.

డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకముందు, కారు సమతలంగా ఉన్నచోట మట్టం చూడండి. వేడి మీద చూసిన మట్టానికి, చల్లగా ఉన్నప్పుడు చూసిన మట్టానికి పొంతన ఉండదు. వారం రోజులు రాసుకుంటే అసలు ఎంత పోతోంది, ఎక్కువ దూరం వెళ్లిన రోజున పోతోందా, కారు కదలని రోజున కూడా పోతోందా అన్నది తెలుస్తుంది. కదలకుండా ఉన్నా తగ్గుతుంటే చల్లని లీకు. హైవే మీద వెళ్లినప్పుడే తగ్గుతుంటే ప్రెషర్ లీకు.

ఆ తర్వాత టార్చి, చిన్న అద్దం పట్టుకుని బానెట్ కింద చూడండి. తడి కోసం వెతక్కండి, మచ్చల కోసం వెతకండి. కూలెంట్‌లో నీరు ఆవిరైపోయాక అందులోని రంగు, మందులు మిగిలిపోతాయి. తెల్లగానో, ఆకుపచ్చగానో, గులాబీ రంగులోనో ఉప్పు పేరుకున్నట్టు పొర కనబడుతుంది. ఇంటి కప్పు కారేటప్పుడు తడి కనబడేది ఒకచోట, కన్నం ఉండేది ఇంకోచోట అయినట్టే ఇక్కడా జరుగుతుంది. ఫ్యాన్ గాలికి, కారు వేగానికి చుక్క వెనక్కి కొట్టుకుపోతుంది. కాబట్టి మచ్చ దొరగ్గానే దాని పక్కనున్న పార్టుని నిందించకుండా, అక్కణ్నుంచి పైకి, ముందుకి వెళ్తూ మొదలెక్కడో చూడాలి. అన్నిటికన్నా ఎత్తున ఉన్న మచ్చే అసలు చోటుకి దగ్గర.

ఈ వయసు కార్లలో నేను మొట్టమొదట చూసేది రేడియేటర్ పక్క ట్యాంకులు. మధ్యలో జాలీ అల్యూమినియం, రెండు చివర్లా ట్యాంకులు ప్లాస్టిక్. రెంటి మధ్యా రబ్బరు పట్టీ పెట్టి, అల్యూమినియం అంచుని చిన్న చిన్న పళ్లలా మడిచి బిగిస్తారు. వేలసార్లు వేడెక్కి చల్లారాక ఆ రబ్బరు గట్టిపడుతుంది, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ఆ మడత పళ్ల వెంట ఒక మూలన సన్నగా తెల్లటి చార కనిపిస్తే లీకు అక్కడే. పై హోస్ తగిలించే ప్లాస్టిక్ మెడ మొదట్లో వెంట్రుకవాసి పగులు రావడం కూడా మామూలే. మీ మెకానిక్ పై హోస్ మార్చారన్నారు కదా, ఆ మెడని మాత్రం రెండుసార్లు చూడండి. పాత హోస్ ఊడదీసేటప్పుడు గట్టిగా మెలితిప్పి ఉంటే అది బీటలు వారి ఉండొచ్చు.

వాటర్ పంపుది ఇంకో కథ. పంపు లోపల తిరిగే షాఫ్టుకి ఒక సీలు ఉంటుంది. అది అరిగినప్పుడు కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా బయటికి దారి చూపడానికి పంపు ఒంటికి చిన్న కన్నం పెడతారు. ఆ కన్నం దగ్గర పొడి మరక కొంచెం ఉన్నంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. కన్నం నుంచి కిందికి చార కట్టి ఉంటే, చేత్తో ముట్టుకుంటే తడి తగిలితే, పంపు రోజులు దగ్గర పడ్డట్టే. బెల్టు తీసి పుల్లీని అటూ ఇటూ ఊపి చూడండి, ఏమాత్రం ఆడినా, గరగరమన్నా బేరింగ్ పోయినట్టు. ఆ కన్నాన్ని సీలెంట్‌తో మూసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. బయటికి పోవాల్సిన కూలెంట్ బేరింగ్‌లోకి పోయి పంపు ఒక్కసారిగా పట్టేస్తుంది. టైమింగ్ బెల్టుతో (ఇంజిన్ వాల్వుల్ని సరైన సమయానికి కదిలించే బెల్టు) తిరిగే పంపు అయితే దాంతోపాటు బెల్టు కూడా పోయి ఇంజిన్ మీదకొస్తుంది.

హోసుల్ని మధ్యలో నొక్కి చూస్తే ఉపయోగం తక్కువ. చివరల్లో, క్లాంపుకి ఒక అంగుళం ఇవతల రెండు వేళ్లతో నొక్కండి. మధ్య భాగం గట్టిగా ఉండి చివర మెత్తగా, గుల్లగా అనిపిస్తే లోపలి పొర తినేసినట్టు. ఇంజిన్ ఆయిల్ కారి పడుతున్న హోస్ ఉబ్బి జిగటగా తయారవుతుంది, ఎందుకంటే ఆ రబ్బరుకి పెట్రోలియం నూనెలు పడవు. అలాంటి హోస్ మార్చేముందు ఆయిల్ లీకు సంగతి చూడకపోతే కొత్తదానికీ అదే గతి.

థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కి దారి తెరిచే వాల్వు) హౌసింగ్, దాని అతుకు, టెంపరేచర్ సెన్సర్ చుట్టూ, డబ్బా కింది కుట్టు, హీటర్‌కి వెళ్లే రెండు సన్న హోసులు వరసగా చూసేయండి. డబ్బా పసుపెక్కి గోధుమ రంగుకి తిరిగి ఉంటే పగులు కనిపించకపోయినా మార్చేయడమే మంచిది.

ఇంజిన్ బ్లాకుకి ఉండే గుండ్రటి లోహపు బిళ్లల్ని మాత్రం చాలామంది మర్చిపోతారు. పోత పోసేటప్పుడు మిగిలిన కన్నాల్ని వాటితో మూస్తారు. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి ఉత్త నీళ్లు పోసిన ఇంజిన్‌లో ఇవి లోపలి వైపు నుంచి తుప్పు తిని, సూదిమొనంత కన్నం పడి చెమరుస్తుంటాయి. కొన్ని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వెనక, కొన్ని ఇంజిన్‌కి గేర్‌బాక్స్‌కి మధ్య దాక్కుని ఉంటాయి. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోటు నుంచి కూలెంట్ చారలు కనిపిస్తున్నాయంటే వీటిని అనుమానించాలి.

ఇంత చూసినా ఏమీ దొరక్కపోతే, నిజానికి దొరికినా కూడా, ప్రెషర్ టెస్ట్ చేయాల్సిందే. మీ కారుకి ముగ్గురు మెకానిక్కుల్లో ఒక్కరూ ఈ పరీక్ష చేసినట్టు మీరు రాయలేదు. అదే నన్ను బాధపెట్టిన విషయం. సైకిల్ పంపులాంటి చేతి పంపు, దానికో మీటరు, మూత స్థానంలో బిగించడానికి అడాప్టర్లు. పరికరం అంతే. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ నింపి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా కొట్టాలి. చాలా కార్లలో అది 0.9 నుంచి 1.4 బార్ మధ్య ఉంటుంది. అంతకు మించి కొట్టకూడదు, కొడితే బాగున్న పాత ప్లాస్టిక్ కూడా పగులుతుంది. ఇంజిన్ ఆఫ్‌లో ఉంది కాబట్టి ఫ్యాన్ గాలి లేదు, ఆవిరి లేదు, వేడి లేదు. కారిన చుక్క కారిన చోటే నిలబడుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు గంటసేపు వెతికినా దొరకని లీకు ఇలా పది నిమిషాల్లో టార్చి వెలుగులో మెరుస్తూ కనిపిస్తుంది.

మీటరు సూది పదిహేను ఇరవై నిమిషాలు కదలకపోతే తొందరపడి లీకు లేదనుకోవద్దు. వీలైతే రాత్రంతా అలా వదిలేయండి. ఆ తర్వాత ఇంజిన్‌ని వేడెక్కించి, మామూలుగా కాసేపు నడిపి, చల్లారే దశలో మళ్లీ పరీక్షించండి. జాగ్రత్త, ఈసారి టెస్టర్ బిగించడానికి మూత తీసేముందు ప్రెషర్ పోయిందో లేదో చూసుకోవాలి. సూది పడుతోంది, బయట ఎక్కడా తడి లేదంటే అప్పుడు లోపలి లీకు మాట మాట్లాడొచ్చు. పరీక్ష పూర్తయ్యాక మూతని కూడా అదే పంపుకి తగిలించి చూడాలి. మూత స్ప్రింగు అలసిపోయి సగం ప్రెషర్‌కే వదిలేస్తుంటే కూలెంట్ రిజర్వ్‌లోకి పొంగి అక్కణ్నుంచి బయటికి పోతుంది. సిస్టమ్‌లో లీకే ఉండదు, మట్టం మాత్రం తగ్గుతుంది. ఫ్యాన్ సరిగ్గా తిరక్కపోయినా ఇదే జరుగుతుంది. ట్రాఫిక్‌లో కాసేపు నిలబడ్డాక ఫ్యాన్ ఆన్ అవుతోందా లేదా అన్నది మీరే చూసుకోవచ్చు.

ప్రెషర్ టెస్టర్‌కి దొరకని మొండి లీకులకి కూలెంట్‌లో కలిపే మెరిసే రంగు ఉంటుంది. అది కలిపి కొన్ని రోజులు నడిపాక చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే కారిన దారంతా పచ్చగా వెలుగుతుంది. వేడి మీద మాత్రమే కారే లీకులకి ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు.

కారు లోపల కూడా ఓసారి చూడండి. డాష్‌బోర్డ్ వెనక హీటర్ కోర్ అని ఒక చిన్న రేడియేటర్ ఉంటుంది. అది కారితే ముందు సీట్ల దగ్గర కార్పెట్ తడుస్తుంది, కారులో తియ్యటి వాసన వస్తుంది, అద్దం లోపలివైపు జిడ్డుగా మసక పడుతుంది, ఎంత తుడిచినా పోదు. ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు మూసుకుపోయినా కార్పెట్ తడుస్తుంది కాబట్టి కంగారు పడొద్దు. కార్పెట్ కింద తెల్ల టిష్యూ పేపర్ అద్ది చూడండి. రంగు, వాసన, జిగురు లేకపోతే ఏసీ నీళ్లే.

ఇక హెడ్ గాస్కెట్. ఆ అనుమానం తీర్చుకోవడానికి ఇంజిన్ విప్పక్కర్లేదు. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ నొక్కి చూడండి. కూలెంట్ ఇంకా చల్లగానే ఉండగా హోస్ రాయిలా గట్టిపడిందంటే సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందని గట్టి అనుమానం. దీన్ని ఖాయం చేసుకోవడానికి ఒక రసాయన పరీక్ష ఉంది. రేడియేటర్ మెడ మీద ఒక గాజుగొట్టం పెట్టి, నీలం రంగు ద్రవం గుండా పైనున్న గాలిని లాగుతారు. దహనం నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఉంటే ఆ నీలం పసుపుకి తిరుగుతుంది. కూలెంట్ మట్టాన్ని కాస్త తగ్గించుకుని చేయాలి, ద్రవంలోకి కూలెంట్ పీల్చుకుంటే ఫలితం చెడిపోతుంది.

స్పార్క్ ప్లగ్గులు తీసి చూడటం కూడా బాగా పనికొస్తుంది. అన్ని ప్లగ్గులూ గోధుమ రంగులో ఉండి ఒక్కటి మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ పోతోంది. ప్లగ్గులు తీసి, రాత్రంతా సిస్టమ్‌ని ప్రెషర్‌లో ఉంచి, పొద్దున ఇంజిన్‌ని స్టార్టర్‌తో తిప్పితే ఆ సిలిండర్ నుంచి తుంపర బయటికి వస్తుంది. ఇగ్నిషన్, ఇంధనం రెండూ ఆపేసి, ప్లగ్గు కన్నాలకి దూరంగా నిలబడి చేయాల్సిన పని ఇది. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు ఒక సిలిండర్ తడబడి తర్వాత సర్దుకోవడం కూడా ఇదే జాతి లక్షణం.

కొన్ని లక్షణాలు మాత్రం అనవసరంగా భయపెడతాయి. ఆయిల్ పోసే మూత కింద మీగడలాంటిది కనిపించగానే చాలామంది బెంబేలెత్తిపోతారు. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కార్లలో ఆయిల్ పూర్తిగా వేడెక్కక, గాలిలోని చెమ్మ అక్కడ చేరి అలా తయారవుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా అలాగే పాలు కలిసినట్టు ఉంటేనే ప్రమాదం. చలి ఉదయాల్లో సైలెన్సర్ నుంచి కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా తెల్లటి పొగ తియ్యటి వాసనతో ఆగకుండా వస్తే అప్పుడు ఆలోచించాలి. మీది డీజిల్ కారైతే హెడ్ కన్నా ముందు ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే ఎగ్జాస్ట్ గ్యాస్‌ని కూలెంట్‌తో చల్లబరిచే భాగం) పరీక్షించమనండి. దాని లోపల పగులు వస్తే కూలెంట్ ఎగ్జాస్ట్ గ్యాస్‌తో కలిసి మాయమైపోతుంది, లక్షణాలన్నీ హెడ్ గాస్కెట్‌వే అనిపిస్తాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కారైతే దాని ఆయిల్ కూడా చూడండి. కొన్ని కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడేది రేడియేటర్ లోపలే. ఆ గోడ పగిలితే రెండూ కలుస్తాయి. అలా కనిపిస్తే కారు ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు.

లీకు దొరికిందనుకుందాం. రిపేరులో జరిగే నష్టమంతా తొందర వల్లే జరుగుతుంది. పాత హోస్ మెడకి అతుక్కుపోయి ఉంటుంది. పట్టకారుతో మెలితిప్పి లాగితే రేడియేటర్ ప్లాస్టిక్ మెడ విరిగి చేతిలోకి వస్తుంది. ఎలాగూ పారేసే హోసే కదా, మెడ మీద ఉన్నంత మేర దాన్ని బ్లేడుతో నిలువుగా, మెడకి గీత పడకుండా చీల్చి, అరటితొక్కలా ఒలిచేయండి. మెడ మీద మిగిలిన రబ్బరు ముక్కలు, తెల్లటి పొర సన్నటి పీచుతో రుద్ది నున్నగా చేయండి. అల్యూమినియం మెడ గుంటలు పడి ఉంటే కొత్త హోస్ వేసినా చెమరుస్తుంది. క్లాంప్ మెడ చివరి గట్టు దాటాక, ఇవతల పడాలి. గట్టు మీద పడితే ఎంత బిగించినా వృథా. కంపెనీ ఇచ్చిన స్ప్రింగు క్లాంపులు బలంగా ఉంటే వాటినే వాడండి. రబ్బరు వేడికి ఉబ్బినా చలికి కుంచించుకున్నా అవి దాంతోపాటే సర్దుకుంటాయి. స్క్రూ క్లాంపులకి ఆ గుణం లేదు, పైగా ఎక్కువ బిగిస్తే రబ్బరుని కోసేస్తాయి. నేను చెప్పిన తెల్లవారుజాము లీకులు ఎక్కువగా వీటి దగ్గరే.

థర్మోస్టాట్, సెన్సర్ల ఓ-రింగులకి మామూలు గ్రీజు రాయకండి, ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. కాస్త కూలెంటో, సిలికాన్ గ్రీజో చాలు. గాస్కెట్ ఉన్నచోట దానికి తోడు సీలెంట్ కూడా పూసేయడం ఒక దురలవాటు. పిండినప్పుడు లోపలికి పొంగిన సీలెంట్ ముక్కలు ఊడి రేడియేటర్ సన్న గొట్టాల్లో ఇరుక్కుంటాయి. చిన్న బోల్టులు అల్యూమినియంలోకి పోతాయి కాబట్టి మాన్యువల్‌లో చెప్పిన టార్క్ (బిగింపు బలం) మించొద్దు.

రేడియేటర్ పక్క ట్యాంకు దగ్గర కారుతుంటే ఎపాక్సీ పూత మీద నమ్మకం పెట్టుకోకండి, రేడియేటర్ మార్చేయండి. వాటర్ పంపు టైమింగ్ బెల్టు వెనక ఉంటే పంపు, బెల్టు, టెన్షనర్, రోలర్లు ఒకేసారి మార్చండి. పనంతా విప్పడంలోనే ఉంది, రెండుసార్లు విప్పించుకోవడం దండగ.

లీకులు మూసే మందు గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. ఊరికి దూరంగా, చీకట్లో, వేరే దారి లేనప్పుడు తప్ప దాన్ని పోయొద్దు. కన్నం ఏదో, సన్న దారి ఏదో దానికి తెలియదు. లీకు చిన్నదైతే ఆగొచ్చు, కానీ హీటర్ కోర్, రేడియేటర్ గొట్టాలు కూడా పూడుకుపోయే ప్రమాదం ఉంది. అప్పుడు లీకు సమస్య కాస్తా వేడెక్కే సమస్య అవుతుంది. ఎవరైనా ఇప్పటికే పోసి ఉంటే, లీకు బాగుచేశాక సిస్టమ్ మొత్తం మంచినీళ్లతో ఫ్లష్ చేయించండి.

ఒక విషయానికి ముందే సిద్ధపడండి. ఇన్నాళ్లూ లీకు వల్ల సిస్టమ్‌లో పూర్తి ప్రెషర్ ఎక్కి ఉండదు. మీరు ఒక చోటు బాగుచేయగానే ప్రెషర్ అసలు స్థాయికి వస్తుంది, దాంతో తర్వాతి బలహీనమైన చోటు బయటపడుతుంది. రేడియేటర్ మార్చిన వారానికే కింది హోస్ కారితే మెకానిక్ ఏదో చెడగొట్టాడనుకోకండి. అందుకే ఈ వయసు కారులో రేడియేటర్ గానీ పంపు గానీ మార్చేటప్పుడు హోసులు, మూత, థర్మోస్టాట్ కూడా అదే దఫాలో మార్చడం లాభం. కూలెంట్ ఎలాగూ దించుతున్నారు కదా. ఇది ఊహ మీద పార్టులు మార్చడం కాదు, వయసైపోయిన రబ్బరుని తీసేయడం.

కూలెంట్ రంగు చూసి కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నవి కంపెనీలు వేసుకున్న రంగులే తప్ప అందరూ పాటించే ఒకే నియమం కాదు. మీ కారు మాన్యువల్‌లో ఏ స్పెసిఫికేషన్ రాసి ఉందో అదే డబ్బా మీద ఉందో లేదో చూడండి. పడని రకాలు రెండు కలిస్తే తుప్పు ఆపే మందుల బలం తగ్గుతుంది, కొన్నిసార్లు జెల్లీలా గడ్డ కడుతుంది. కాన్సంట్రేట్ కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. బోరు నీళ్లలోని సున్నం లోపల పొరలు కడుతుంది. మా ప్రాంతంలో మంచు పడదు, ఉత్త నీళ్లు చాలు అనే మాట వింటుంటాను. కూలెంట్ గడ్డకట్టకుండా ఉండటానికి మాత్రమే కాదు. తుప్పుని ఆపేదీ, మరిగే హద్దుని పెంచేదీ కూడా అదే.

నింపాక గాలి తీయడం సగం పని. హీటర్‌ని ఫుల్ వేడి మీద పెట్టి, ముందు వైపు కాస్త ఎత్తుగా ఉండేలా కారు నిలిపి, గాలి తీసే స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి, మెల్లగా నింపాలి. థర్మోస్టాట్ తెరుచుకునేది మామూలుగా 80 నుంచి 90 డిగ్రీల మధ్య. అది తెరుచుకుని కింది హోస్ వేడెక్కి, హీటర్ నుంచి నిలకడగా వేడిగాలి వచ్చేదాకా గాలి పూర్తిగా పోయినట్టు కాదు. మొదటి రెండు మూడు రోజుల్లో మట్టం కొద్దిగా తగ్గడం సహజం, అది మిగిలిన గాలి బయటికి పోవడం వల్ల. ఆ తర్వాత కూడా తగ్గుతుంటే మళ్లీ ప్రెషర్ టెస్ట్ పెట్టాలి. దించిన పాత కూలెంట్‌ని తెరిచి ఉన్న గిన్నెలో వదిలేయకండి, కాలవలో పోయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పోతాయి. చిన్నపిల్లలకీ అంతే ప్రమాదం. మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి.

ఈ పరీక్షలు అయ్యేలోగా కారు నడపక తప్పదంటే, రోజూ పొద్దున మట్టం చూసి, అదే రకం కూలెంట్ కలిపి నింపుకుని బయల్దేరండి. టెంపరేచర్ ముల్లుని పూర్తిగా నమ్మకండి. చాలా కార్లలో అది కొంత మేర వేడి మారినా మధ్యలోనే కదలకుండా ఉండేలా చేసి ఉంటుంది. కూలెంట్ బాగా తగ్గి సెన్సర్ గాలిలో ఉండిపోతే ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందికి పడొచ్చు. హీటర్ ఆన్ చేస్తే ఉన్నట్టుండి చల్లగాలి రావడం కూలెంట్ తగ్గిందనడానికి ముల్లు కన్నా ముందొచ్చే గుర్తు. ముల్లు పైకి ఎక్కడం మొదలైతే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ పెట్టి, ఆగడానికి వీలున్న మొదటి చోటే ఆపి ఇంజిన్ కట్టేయండి. కాలిపోతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరించొద్దు, హెడ్ పగిలిపోతుంది. కనీసం గంటసేపు ఆగి, హోస్ మెత్తబడ్డాక మూత తీసి, కొద్దికొద్దిగా పోయండి. అలా ఒకసారి వేడెక్కిన తర్వాత మాత్రం మీరే నడుపుకుంటూ ఇంటికి రాకుండా బండిని లాగించుకు రండి.